గొంతులో గాలికీ మీటరే

మా మత్తు డాక్టరు గారికి రెండు గట్టి నమ్మకాలు. ఒకటి, తన వేళ్ళు పొరపాటు చెయ్యవు. రెండోది, మీటర్లున్నది వేళ్ళ మీద నమ్మకం లేనివాళ్ళ కోసం. ఇరవై ఏళ్ళుగా ఆపరేషన్ గదిలో టెక్నీషియన్‌గా ఆయన పక్కన నిలబడి ఈ రెండూ వింటున్నాను. నా నోరు ఊరుకోదని పేరే గానీ, ఈ విషయంలో మాత్రం ఊరుకున్నాను. టైర్ల షాపాయన వచ్చేదాకా.

ఆయనకి పిత్తాశయంలో రాళ్ళు. ముందురోజు మంచం దగ్గర డాక్టరు గారు అంతా వివరించారు. మత్తిచ్చాక ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేస్తారు. గాలి పక్కనుంచి పోకుండా దాని చివర చిన్న బుడగ ఊదుతారు. తర్వాత రెండు మూడు రోజులు గొంతు నొప్పి, బొంగురు మామూలే.

"మామూలంటే కుదరదండి," అన్నాడాయన. "రేపు సాయంత్రం మా అన్నయ్య ఫోన్ చేస్తానన్నాడట, వదిన చెప్పింది. పదకొండేళ్ళయింది మాటల్లేక. నేను చేస్తే ఎత్తడు. రేపు నేను పలక్కపోతే ఇంకా అలిగే ఉన్నాననుకుంటాడు, మళ్ళీ చెయ్యడు."

గొడవెందుకని అడిగాను. షాపు ఇద్దరిదీనట. అన్న టైరుని బొటనవేలితో నొక్కి "చాలు" అనేవాడు. తమ్ముడు మీటరు పెట్టనిదే బండిని వదిలేవాడు కాదు. ఒకరోజు అన్న నొక్కి పంపిన టైరు రోడ్డు మీద పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అన్నదమ్ముల మధ్య మాటలు మాత్రం పోయాయి.

"ఇంతకీ ఆ బుడగలో గాలి ఎంతుందో దేంతో చూస్తారు?" అని డాక్టరు గారిని అడిగాడాయన.

డాక్టరు గారు దర్జాగా బొటనవేలూ చూపుడువేలూ చూపించారు.

"సైకిల్ చక్రానికే నేను మీటరు పెడతానండి. ఇది నా గొంతు."

డాక్టరు గారికి ఒళ్ళు మండింది. నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

మర్నాడు వెతికితే, బుడగలో గాలి కొలిచే మీటరు అడుగు సొరుగులో దొరికింది, కవరు కూడా చింపకుండా. డాక్టరు గారు గొంతు ఒరుసుకోకుండా ఒక సైజు తక్కువ గొట్టమే తీసుకుని నెమ్మదిగా వేశారు. బుడగ ఊది, దానికి కలిపి బయట వేలాడే చిన్న గాలితిత్తిని వేళ్ళతో నొక్కి చూశారు.

"సరిగ్గా ఉంది. ఇక పెట్టుకో నీ మీటరు. నీ ముచ్చట నేనెందుకు కాదనాలి."

పెట్టాను. ముల్లు ముప్ఫై దాటకూడదు. అరవై మీద నిలబడింది.

"పాడైనట్టుంది," అన్నారు.

"కొత్తది సార్. కవరు ఇప్పుడే చింపాను."

ఆయన వంగి ముల్లు చూశారు. "ఇరవై ఐదుకి దించు," అన్నారు మెల్లగా. ఆ తర్వాత ఆపరేషన్ అయ్యేదాకా "ఎంతుంది?" అని నాలుగుసార్లు ఆయనే అడిగారు. ఆయన నాకు మొదటిసారి ముద్దొచ్చారు.

సాయంత్రం టైర్లాయన మంచినీళ్ళు అడిగి తాగాడు. నొప్పి లేదన్నాడు. గొంతు ఖంగుమంది. డాక్టరు గారు ఏదో పనున్నట్టు వచ్చి మంచం దగ్గరే తచ్చాడుతున్నారు. అంతలో ఫోన్ మోగింది.

"ఏరా, ఎలా ఉంది?" అన్న మాట మా ఇద్దరికీ వినపడింది.

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. డాక్టరు గారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏరా, పలకవేం?"

అప్పుడు చూశాను, టైర్లాయన కళ్ళు ధారాపాతంగా కారుతున్నాయి. ఫోన్ లాక్కున్నాను.

"పెట్టెయ్యకండి. మీ తమ్ముడి గొంతు నిక్షేపంగా ఉంది. ఏడుస్తున్నారు, అంతే."

అటు నుంచి కూడా చాలాసేపు మాట రాలేదు. అన్నగారికెవరూ గొట్టం వెయ్యలేదే అనుకున్నాను.