రెండోసారి పెట్టిన బ్రాకెట్లు

లిఫ్టు ఆగిపోతే మెకానిక్కులకు కబురు పంపే ప్రోగ్రాం నాది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. ఎవరికి పంపాలో లిస్టుగానే ఇవ్వాలి. ఒక్కడే అయినా చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. పెట్టకపోతే ఆ ఒక్క పేరునీ విరిచి, అక్షరానికో కబురు పంపబోయి ఆగిపోతుంది. ఆఫీసులో అందరూ విసుక్కునేవారు. నేర్చుకోండి అన్నాను.

నా బావమరిది నేర్చుకోనవసరం లేకుండా చేశాడు. వాణ్ణి ఈ ఆఫీసులో పెట్టించేదాకా మా ఆవిడ నన్ను నిద్రపోనివ్వలేదు. ఆవిడ పోయింది. వీడు మిగిలాడు. ప్రోగ్రాంలో ఇమిడే ఓ చిన్న ముక్క, ఫంక్షన్ అంటారు, రాశాడు. ఏమీ ఇవ్వకపోతే ఖాళీ లిస్టు చేస్తుంది. ఒక్క పేరిస్తే ఒక్కడున్న లిస్టు చేస్తుంది. లిస్టే ఇస్తే ముట్టుకోదు. ఆఫీసంతా వాడి బల్ల చుట్టూ చేరింది. నేను కళ్లలో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

టీమ్ లీడరు కుర్చీ ఖాళీగా ఉంది. కస్టమర్లకు ప్రోగ్రాం చూపించాక ఆ కుర్చీ ఎవరిదో చెప్తానంది మేనేజరు. నా భాగంలోనూ వాడి ఫంక్షనే వాడమంది. వాడాను. నమ్మలేదు. దానికి ఇచ్చేముందు నా చేత్తో బ్రాకెట్లు పెట్టాను. ఒక్క పేరుతో పరీక్షించాను. కబురు వెళ్లింది. చాలనుకున్నాను.

కస్టమర్ల ముందు మేనేజరు ముగ్గురు మెకానిక్కులను ఎంచుకుంది. ఒక్కరికీ కబురు వెళ్లలేదు. తెర నిండా ఎర్ర అక్షరాలు.

"మీ బావమరిది పనితనం భలేగా ఉందే" అన్నాడు పక్కనున్న టెస్టరు. నేను నవ్వాను.

బావమరిది వచ్చి నా భుజం మీదుగా వంగి చూశాడు.

"బావా, లిస్టుకి మళ్లీ లిస్టు చుట్టావు. ముగ్గురూ ఒకే మూటలో ఉన్నారు. పైకి లిస్టే కదా, నా ఫంక్షన్ ముట్టుకోలేదు."

"ఏదిచ్చినా సర్దుకుంటుందన్నావుగా."

"సర్దుకుంటుంది. నువ్వు సర్దకుండా ఉంటే."

రెండు బ్రాకెట్లూ చెరిపేశాడు. ముగ్గురి ఫోన్లూ మోగాయి.

"చిన్న పొరపాటండీ, మాదే" అన్నాడు కస్టమర్లతో. మాదేనట. నన్ను వెనకేసుకొచ్చేంతవాడయ్యాడు.

కుర్చీ వాడికే ఇచ్చారు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆగి ఉన్నాడు. "మా ఇంటికి రా బావా, భోంచేద్దాం. అక్క ఉంటే ఈపాటికి నిన్ను లాక్కొచ్చేది."

"మీ అక్క లేదు. నీ కుర్చీ నీకు దొరికింది. ఇంక నాతో ఏం పని?"

"కుర్చీ కోసమా బావా నేను..."

మిగతాది వినలేదు. వాణ్ణి మెట్ల దగ్గరే వదిలేసి లిఫ్టులో దిగిపోయాను.