ఇర్యా కొట్టంలో రేపటి మంచు

రోజూ పొద్దున్న ఏడు గంటలకి ఇర్యా లాహ్టెలా ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో కొలబద్ద పట్టుకుని పెరట్లోకి వెళ్తుంది. పెరటి నడుమ తెల్లరంగు వేసిన చెక్క పలక ఒకటి ఉంది. రాత్రి దాని మీద పడిన మంచు ఎన్ని అంగుళాలో కొలిచి, పలక తుడిచి, నోటుపుస్తకంలో రాసి, నగరంలోని వాతావరణ కార్యాలయానికి ఫోన్ చేసి చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ బస్సు తీసే ముందు కొలిచేది, రిటైరయ్యాక తీరిగ్గా కొలుస్తోంది. మొగుడు పోయిన రోజు కూడా కొలిచింది. ఆ రోజు రెండుంబావు అంగుళాలు.

కోర్పి ఊరు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు పక్కనే ఉంటుంది. రాగి ఉన్నన్నాళ్ళు కంపెనీలు తవ్వుకున్నాయి, అయిపోగానే మూట సర్దుకున్నాయి. ఊరికి మిగిలింది మూడు వందల మంది జనం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు. ఉన్నదాన్ని చూసుకునే కదా మనిషి మురిసేది! ఇక్కడివాళ్ళు మంచుని చూసుకుని మురుస్తారు. ఎవరింటి ముందు ఎంత పడిందన్న దగ్గర అన్నదమ్ములు కూడా మాటలు మానేస్తారు.

కొలతకి ఒక పద్ధతి ఉంది. మంచు తన బరువుకి తనే కుంగుతుంది కాబట్టి పలకని ఎక్కువసార్లు తుడిస్తే మొత్తం ఎక్కువ వస్తుంది. అందుకని ఎంత మంచు పడే రోజైనా ఆరు గంటలకోసారి చొప్పున నాలుగుసార్లకి మించి తుడవకూడదు. ఈ సంగతి కోర్పిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ఇర్యా మాత్రం పోయిన ఫిబ్రవరిలో ఐదుసార్లు తుడిచింది. ఆకాశం విరిగి పడుతున్నట్టున్న ఆ రోజు, సంతోషం పట్టలేక, వేళ కాకుండానే ఒకసారి వెళ్ళి కొలిచి తుడిచేసింది. లెక్క యాభై మూడు అంగుళాలు తేలింది. ఒక్క రోజులో అంత మంచు ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

తుడిచినావిడ ఊరుకోవచ్చు కదా. కోఆపరేటివ్ కొట్టు వెనకున్న కాఫీ బల్ల దగ్గర, ఊళ్ళో మంచు లెక్కలు చూసుకునే మంచు సంఘం వాళ్ళందరి ముందూ, "మనసాగలేదర్రా, మధ్యలో ఇంకోసారి కూడా తుడిచాను!" అని నోరు జారింది. మూల బల్ల దగ్గర మాంసం కూరిన పేస్టీ తింటూ రూబెన్ పెన్‌హేల్ ఉన్నాడు. లూన్ బే అనే ఊరివాడు, పన్నెండు మైళ్ళ అవతల. బళ్ళో వడ్రంగం నేర్పి రిటైరైన పంతులు. అప్పటిదాకా ఉన్న రికార్డు అతనిదే, నలభై తొమ్మిది. మూతి తుడుచుకుని ఇంటికెళ్ళి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. వారం తిరక్కుండా ఇర్యా యాభై మూడుని కొట్టేశారు.

శరదృతువులో ఇంకో ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ నుంచి కోర్పి పలక అవసరం లేదట, విమానాశ్రయంలో మంచు కొలిచే యంత్రం పెడుతున్నారట, ఇన్నేళ్ళ సేవకు కృతజ్ఞతలట. కింద ఇంకో వాక్యం ఉంది: మీ కొట్టంలో పడే మంచును ఏ పరిస్థితుల్లోనూ లెక్కలో చేర్చరాదు.

"ఏప్రిల్ కదా, ఇంకా చలికాలం అంతా ఉంది. పోయే ముందు వాడి నలభై తొమ్మిదిని మట్టి కరిపించే పోతాను," అంది ఇర్యా, చెల్లెలు హెల్వితో.

"నీ మంచు మండిపోనూ," అంది హెల్వి. ఆమెకి మంచంటే పడదు. మొగుడు పోయాక అక్క దగ్గరికి వచ్చి ఉంటోంది, ఎనిమిదేళ్ళుగా రోజూ వెళ్ళిపోతానంటోంది.

కొట్టం సంగతి చెప్పాలి. ఇర్యా తాత కట్టిన పశువుల కొట్టం అది. ఆవుల్ని అమ్మేసి నలభై ఏళ్ళయింది. పైకప్పు రేకులు గట్టివి, చుక్క కారదు. అయినా లోపల మంచు పడుతుంది. రేపు పెరట్లో పడబోయే మంచు ఈరోజే కొట్టంలో పడుతుంది. తెల్లారి పెరట్లో పడుతున్నకొద్దీ లోపలిది తరిగిపోతూ ఉంటుంది. కొట్టంలో మంచు కుంగదు కూడా, అందుకని మూడో స్తంభానికి అంగుళానికొకటి చొప్పున ఇర్యా తాత కొట్టిన మేకుల్ని లెక్కపెడితే చాలు, రేపటి మొత్తం తెలిసిపోతుంది. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ లోపల మంచుబొమ్మ చేస్తే, మర్నాడు పెరట్లో మంచుబొమ్మ తయారై నిలబడి ఉంది. నాన్న ఇద్దరి వీపులూ విమానం మోత మోగించాడు. రేపటి మంచుని ముట్టుకోకూడదని అప్పుడు నేర్చుకున్న ఇర్యా, మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు.

జనవరి రెండో వారంలో మంచు సంఘానికి నిద్ర కరువైంది. సరస్సు ఇంకా గడ్డకట్టలేదు, ఉత్తరం నుంచి గట్టి చలిగాలి దిగుతోంది. ఆ రెండూ కలిస్తే నీటి మీద నుంచి మంచు మేఘం ఒక సన్నటి పట్టీలా లేస్తుంది. అది ఎవరి నెత్తిన కూర్చుంటే వాళ్ళు మునుగుతారు, పక్క ఊళ్ళో ఎండ కాస్తుంది. యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ సంఘం వాళ్ళు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు.

"యూరోపు వాళ్ళ వాతావరణ కంప్యూటరు లూన్ బే అంటోంది," అన్నాడు అందరిలోకీ పెద్దవాడైన వైనో తాత.

"యూరోపు వాళ్ళకి మన సరస్సేం తెలుసు తాతా?" అంది ఇర్యా. "గాలి రెండు వేళ్ళు పక్కకి తిరిగితే చాలు, మనదే."

"మరి కొట్టం ఏమంటోందే?"

"కొట్టం ఒక్కరోజు ముందే కదా చెప్పేది. ఇంకా ఖాళీ."

మంగళవారం పొద్దున్న ఏడింటికి కొట్టంలో మంచు మొదలైంది. మధ్యాహ్నానికి పదమూడు మేకులు మునిగాయి. సాయంత్రం నాలుగింటికి ఇర్యా మళ్ళీ తలుపు తీసి, గడప మీదే ఆగిపోయింది. లోపలికి అడుగుల జాడ ఒకటి వెళ్ళింది. మంచు మీద నడవడానికి కట్టుకునే వెడల్పాటి చెక్క జోళ్ళ జాడ. ఎడమ జోడుకి తీగతో వేసిన కట్టు కూడా అచ్చు పడింది. ఆ జాడ గడపకి నాలుగడుగుల దూరంలో ఆగింది. అక్కడ మంచులో మనిషి ఆకారంలో ఒక గుంట ఉంది, బోర్లా పడి చేతులు చాచిన మనిషి. అక్కడి నుంచి బయటికొచ్చిన జాడ లేదు. పైనుంచి ధారగా మంచు పడుతున్నా గుంట నిండడం లేదు.

"తీగ కట్టు రూబెన్‌దే," అంది వెనకాలే వచ్చిన హెల్వి. "రేపు మన పెరట్లో పోతాడన్నమాట."

హెల్వి ఇంట్లోకి వెళ్ళి నంబరు తిప్పి, ఫోను అక్క చేతిలో పెట్టింది.

"రూబెన్, నేను ఇర్యాని."

"తెలుసులే. ఏడాదిగా ఫోన్ చేసి, బుస్సుమని ఊపిరి వదిలి పెట్టేసేది నువ్వే కదా."

"రేపు మా ఊరు రాకు."

"ఓహో! అయితే పట్టీ మీ వైపే. కొట్టం చెప్పిందా?"

"చెప్పింది. నువ్వు మా పెరట్లో పడి చస్తావని కూడా చెప్పింది."

"ఎన్ని అంగుళాలు?" అన్నాడు.

"ఏమిటీ?"

"మంచు, తల్లీ. ఎన్ని అంగుళాలు?"

"చెప్పను."

"అంటే నలభై తొమ్మిది దాటుతుంది. తప్పకుండా వస్తాను. నాలుగుసార్లు తుడుస్తావో ఐదుసార్లో నా కళ్ళతో చూడాలి."

"చస్తావయ్యా మగడా అంటుంటే!"

"నాకు డెబ్భై రెండేళ్ళు, ఇర్యా. అలాంటి మంచు పన్నెండు మైళ్ళ దూరంలో పడుతుంటే నన్ను కిటికీ దగ్గర కూర్చోమంటావా? నా చోట ఉంటే నువ్వు కూర్చుంటావా?"

కూర్చోదు. పాక్కుంటూ అయినా వెళ్తుంది. ఇర్యా ఫోను పెట్టేసింది. వెళ్ళి చూస్తే గుంట అలాగే ఉంది. రేపు కిటికీ దగ్గర కాపలా కాస్తాననుకుంది, నడుముకి తాడు కట్టుకుని బయటే నిలబడతాననుకుంది. ఏం అనుకున్నా గుంట గుంటలాగే ఉంది.

బుధవారం పొద్దున్న ఆరింటికి కొట్టంలో మంచు ఆగింది. ఇర్యా మేకులు లెక్కపెట్టింది. యాభై ఒకటి. ఈసారి న్యాయంగా, నాలుగు తుడుపుల్లోనే యాభై ఒకటి. ఎవడూ కొట్టేయలేని యాభై ఒకటి. ఆమెకి ఏడుపొచ్చింది. ఇంకో గంటలో బయట మొదలవుతుంది. మనిషి ఆకారం ఆమె కాళ్ళ ముందే నోరు తెరుచుకుని ఉంది.

"పార ఇటివ్వు," అంది చెల్లెలితో.

గడప మీద నిలబడి ఒక పారెడు మంచు తవ్వి గుంటలో పోసింది. తవ్విన చోట గొయ్యి పడలేదు, చుట్టూ ఉన్న మంచు జరిగి దాన్ని కప్పేసింది. ఇంకో పది పారలు పోసేసరికి స్తంభం మీద పై మేకు తల బయటపడింది. కొట్టం మొత్తం ఒక అంగుళం దిగింది.

"అక్కా, మేకు!" అంది హెల్వి.

"నాకూ కళ్ళున్నాయి."

కాళ్ళు నిండాయి. నడుము నిండింది. "ఉత్తరాలు రాస్తావురా, ఉత్తరాలు," అని తిడుతూనే పోసింది. వీపు, చాచిన చేతులు నిండాయి. ఇంకో మేకు సగం తేలింది. నలభై తొమ్మిదిన్నర. గుంటలో తల ఒక్కటే మిగిలింది.

ఇర్యా పార ఆనించుకుని నిలబడింది. నలభై తొమ్మిదిన్నర చాలు. అర అంగుళంతో గెలిచినా గెలుపే. రికార్డుల పుస్తకంలో కోర్పి పేరు, యంత్రం వచ్చాక కూడా, తను పోయాక కూడా ఉండిపోతుంది. ఒళ్ళంతా లేచాక తల ఒక్కటీ లేవదా? ఏమో, లేవచ్చు.

హెల్వి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మాట్లాడకపోవడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

"మా పెరట్లో ఒక్కడు కూడా చావడు," అంది ఇర్యా కొట్టం కప్పుని చూస్తూ, అక్కడెవరో ఉన్నట్టు. "నువ్వు చూపించినంత మాత్రాన ఒప్పుకుంటాననుకున్నావా? ఒప్పుకోను." మిగతా పారలు గబగబా పోసింది. తల నిండింది. పార వెనకభాగంతో పైన చదును చేసింది. నలభై ఎనిమిదో మేకు పైనున్నవన్నీ బోసిగా బయటికి వచ్చాయి.

ఏడింటికి పెరట్లో మంచు మొదలైంది. పదింటికి కంచె కనపడలేదు, పన్నెండింటికి కొట్టమే కనపడలేదు. కోర్పి జనం ఇళ్ళల్లోంచి ఒకరికొకరు ఫోన్లు చేసుకుని కేకలు పెట్టారు. యూరోపు కంప్యూటరుని వైనో తాత తన పూర్వీకుల ఫిన్నిష్ భాషలో తిట్టాడని తర్వాత చెప్పుకున్నారు. ఒంటిగంటకి ఇర్యా కొలిచి, తుడిచి, రాసింది.

నాలుగింటికి అక్కచెల్లెళ్ళిద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. తెల్లటి తెరలో ఒక నల్లటి మరక ఊగుతూ వచ్చింది. పలకకి ఇవతలే బోర్లా పడింది. ఇర్యా తలుపు తీసి గాలికి ఎదురు నడవబోయేలోపే మరక లేచి కూర్చుంది, ఆ తర్వాత నిలబడింది.

"మీ పెరట్లో మంచు గట్టిదే!" అన్నాడు రూబెన్ వంటింట్లో జోళ్ళు విప్పుకుంటూ. మీసాలు గడ్డకట్టి ఉన్నాయి. "పడ్డానా, మొహం కూరుకుపోతుందనుకున్నాను. కింద నుంచి ఎవరో అరచేత్తో ఎగదోసినట్టు పైకొచ్చాను. ఏదీ, ఒంటిగంట కొలత ఎంత?"

"ముందు కాఫీ తాగి చావు," అంది ఇర్యా.

దారులు మూసుకుపోయాయి కాబట్టి ఆ రాత్రి అతను అక్కడే ఉండిపోయాడు. ప్రతి కొలతకీ ఆమె వెనకాలే వెళ్ళి, కొలబద్ద మీదికి వంగి, తుడవడం కూడా లెక్కపెట్టాడు. గురువారం పొద్దున్న ఏడింటికి నాలుగోసారి. వంటింటి బల్ల మీద తనే కూడిక వేశాడు. రెండుసార్లు వేశాడు.

"నలభై ఎనిమిది," అన్నాడు. మొహం వెలగలేదు. "నువ్వు ఫోన్లో చెప్పిన తీరు చూసి యాభై దాటుతుందనుకున్నాను. కొట్టం ఎప్పుడూ తప్పదు కదా. మిగతాది ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు," అంది హెల్వి, రొట్టె కోస్తూ. "నువ్వు పడ్డచోట నీ కింద ఉంది."

రూబెన్ ఆమెని చూశాడు, ఇర్యాని చూశాడు. ఇర్యా పారతో కందిపోయిన అరచేతుల్ని బల్ల కిందికి తీసుకుంది. అతను కాఫీ కప్పు కింద పెట్టాడు.

"యాభై ఒకటి అని రాసెయ్యి," అన్నాడు. "నేను సాక్షి సంతకం పెడతాను. ఇంకో ఉత్తరం రాసే మగాడు ఈ చుట్టుపక్కల లేడు."

ఇర్యా ఒంటికాలి మీద లేచింది. "నీ ముష్టి నాకెందుకయ్యా? నా పలక మీద పడింది నలభై ఎనిమిది. పోయినసారి ఐదుసార్లు తుడిచాను, నువ్వు ఉత్తరం రాయడం రైటే. ఈసారి నాలుగే తుడిచాను, నేను రాసేదీ రైటే. ఏప్రిల్ దాకా పలక నాది. ఇంకా మూడు నెలలుంది, నీ నలభై తొమ్మిది జాగ్రత్త!"

నోటుపుస్తకం లాక్కుని, పెద్ద అంకెల్లో నలభై ఎనిమిది అని రాసి, కార్యాలయానికి ఫోన్ చేసి అదే చెప్పింది. రూబెన్ తలొంచుకుని కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో హెల్వికి తెలియలేదు, ఇర్యా చూడలేదు.

"సర్లే, లే," అంది ఇర్యా కాసేపయ్యాక. "బతికున్నవాడివేగా, వచ్చి వీధి తలుపు నుంచి రోడ్డు దాకా దారి తవ్వు."

అతను కళ్ళు తుడుచుకుని, కోటు వేసుకుని బయటికి నడిచాడు. మధ్యాహ్నం దాకా తవ్వుతూనే ఉన్నాడు.