పోయే తీగ, వచ్చే తీగ

"గిన్నెలు తర్వాత తోముకోవచ్చుగానీ, కాస్త సాయానికి రా. పడవ ఓనరొచ్చే టైమైంది" అన్నాడు భర్త, చెప్పులేసుకుంటూ.

సాయం! ఆ మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. పడవలో లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ పంపు, లంగరు లాగే మోటారు, వీటన్నిటికీ ఏ తీగ ఎటు పోవాలో కాగితం మీద గీసింది ఆమె. పడకల కిందికి దూరి, మోకాళ్ళు దోక్కుపోయేలా పాకుతూ తీగలు లాగింది ఆమె. అంతా చేస్తే అది సాయమట. ఆయనగారు చెక్క పలకలకు పాలిష్ పెడితే మాత్రం ఊరంతా మేస్త్రీ అంటుంది. ఇంట్లోనూ అదే వరస. ఎప్పుడో ఒకసారి ఆయన టీ కాస్తే, "మావాడు పెళ్ళానికి ఎంత సాయమో!" అని అత్తగారు పక్కింటిదాకా వెళ్ళి చెప్పి వస్తుంది. ఆయన చేసే సాయానికి చాటింపు, ఆమె చేసే సాయానికి మళ్ళీ గిన్నెలు.

పెళ్ళికి ముందు ఆమె బస్సులు తయారయ్యే షెడ్డులో వైరింగ్ చేసేది. బస్సుకు ఇనుప ఒళ్ళుంది, బ్యాటరీ నుంచి పోయిన కరెంటు దాని మీదుగానే తిరిగి వచ్చేస్తుంది. చెక్క పడవకు ఆ వీలు లేదు. పోయే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి వెయ్యాలి. దూరం లెక్కేస్తే రెండూ కలిపి లెక్కెయ్యాలి. బ్యాటరీ కరెంటుకు తోసే బలం తక్కువ కాబట్టి, దూరం పెరిగేకొద్దీ తీగ లావుగా ఉండాలి. సన్నదైతే మోటారుకు బలం చాలదు, తీగ వేడెక్కుతుంది. లంగరు మోటారుకు ఎంత లావు తీగ కావాలో ఆమె కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

ఆ తీగ వేసే సమయానికే అత్తగారికి కంటి ఆపరేషనయింది. ఆసుపత్రిలో ఎవరుండాలి? కన్నకొడుకా? "నువ్వుంటేనే అమ్మకి వీలుగా ఉంటుంది" అన్నాడు. ఆమె నిన్న తిరిగి వచ్చేసరికి ఆ తీగ ఆయనే వేసేసి, పైన పలకలు కూడా బిగించేశాడు. అది పోయేది ఓనరు పిల్లల పడకను ఆనుకునే. కింద పడున్న తీగముక్క తీసి చూసింది. తను రాసినదాంట్లో సగం లావు కూడా లేదు.

"ఇదేంటండీ ఇంత సన్నది?"

"బ్యాటరీ దగ్గర్నుంచి మోటారు దాకా కొలిచే తెచ్చాను. ఆ దూరానికి ఇది చాలని షాపువాడే అన్నాడు."

"మీరు పోయే దూరమే చెప్పారు. వచ్చేదో?"

"వచ్చేదేంటి?"

"పోయిన కరెంటు తిరిగి రావద్దూ?"

ఆయన నవ్వాడు. "ఇంట్లో మిక్సీ ఇంతకన్నా సన్నతీగతో తిరగట్లేదా? పాలిషయిన పలకలు ఇప్పుడు పీకమంటావా? రేపు ఓనరొస్తున్నాడు. నోర్మూసుకుని ఊరుకో."

ఊరుకోవడం ఆమెకేం కొత్త? షెడ్డులో ఉద్యోగం మానెయ్యమన్నప్పుడు ఊరుకుంది. తన జీతంతో కొనుక్కున్న పనిముట్ల పెట్టెను ఆయన స్నేహితులకు "నా పెట్టె" అని చూపిస్తుంటే ఊరుకుంది. ఆసుపత్రిలో నర్సు "మీ కోడలేం చేస్తుందండీ?" అని అడిగితే, కోడలు పట్టిస్తున్న జావ తాగుతూనే "ఏమీ చెయ్యదమ్మా, ఇంట్లోనే ఉంటుంది" అంది అత్తగారు. అప్పుడూ ఊరుకుంది. కానీ ఆ పడక మీద ఇద్దరు పిల్లలు పడుకుంటారు.

వాళ్ళు పడవ దగ్గరికి వెళ్ళిన కాసేపటికి ఓనరు వచ్చాడు. లైట్లు వేసి చూశాడు, పంపు తిప్పి చూశాడు, స్విచ్చుల పెట్టె తెరిచి మురిసిపోయాడు. "ఎంత నీటుగా ఉంది మేస్త్రీ! ఎవరు చేశారు?"

"నేనే సార్. మా ఆవిడ కాస్త సాయం చేసింది."

తర్వాత ఓనరు లంగరు మోటారు స్విచ్ నొక్కాడు. లంగరు సగం లేచి ఆగిపోయింది. మోటారు మూలిగింది. పిల్లల పడక దగ్గర ప్లాస్టిక్ కాలుతున్న వాసన గుప్పుమంది. ఆమె ఒక్క పరుగున వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేసింది.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు ఓనరు.

భర్త ఆమె వైపు చూడకుండానే, "వైరింగంతా మా ఆవిడే చేసింది సార్. ఆడవాళ్ళు కదా, ఎక్కడో పొరపాటు పడుంటుంది" అన్నాడు.

ఒక్క వాసనతో పడవంతా ఆమెదైపోయింది! ఆమె ఓనరు వైపు తిరిగింది.

"అవునండీ, వైరింగ్ నాదే. ఇందాక మీరు నీటుగా ఉందన్నదంతా నాదే. ఈ ఒక్క తీగ మాత్రం ఆయన వేశారు. సన్నదని నేను నిన్ననే చెప్పాను, వినలేదు. ఇది మార్చేదాకా మీ పిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టకండి."

ఓనరు మేస్త్రీని చూశాడు, ఆమెను చూశాడు. "మార్చడానికి ఏమేం కావాలమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"ముందు ఈ పలకలు ఊడదియ్యాలండీ" అంటూ ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది.

భర్త ముఖం కందగడ్డయింది. దగ్గరకొచ్చి పళ్ళ బిగువున అన్నాడు. "ఇంటికి పద, నీ సంగతి అక్కడ చెప్తా. అమ్మ కంట్లో చుక్కలు వేసే టైమైంది."

మొదటి పలక ఊడివచ్చింది. లోపల తీగ ఇంకా వేడిగానే ఉంది.

"ఆవిడ మీ అమ్మ. చుక్కలు మీరు వెయ్యండి" అంది ఆమె, తలెత్తకుండానే. "నాకు పనుంది."