పట్టాల మీద నాణెం

భర్త లోథర్ పోయాక హెడ్విగ్ నేలమాళిగ తలుపు తీయలేదు. అందులో అతను ఏళ్ల తరబడి కట్టుకున్న బొమ్మ రైళ్ల బల్ల ఉంది. ఏటా క్రిస్మస్‌కు ముందు, అడ్వెంట్ మొదటి ఆదివారం వీధిలో పిల్లలంతా వచ్చి రైళ్లు చూసి, కేకు తిని వెళ్లేవారు. ఈసారి కూడా రావాలని ఆమె కోరిక. అందుకే బొమ్మ రైళ్ల క్లబ్బులో లోథర్ స్నేహితుడు ఎకార్ట్‌ను పిలిచింది. లోథర్ వేసిన తీగ ఒక్కటి కూడా పీకకూడదని ముందే చెప్పింది.

ఎకార్ట్ కరెంటు ఇచ్చి, జేబులోంచి రెండు యూరోల నాణెం తీసి, బల్ల ఆ చివర కొండ స్టేషన్ దగ్గర రెండు పట్టాలకూ అడ్డంగా పెట్టాడు. స్టేషన్ దీపాలు మసకబారాయి. ఇంకేమీ కాలేదు.

హెడ్విగ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "చూశావా మా ఆయన పనితనం."

"ఏమీ కాకపోవడమే తంటా. పట్టాలు రెండూ నాణెంతో కలిస్తే ఫ్యూజు టక్కున కొట్టేయాలి. కింద ఆ తీగ పట్టుకుని చూడు."

బల్ల కింద తీగ ఆమె వేళ్లకు వెచ్చగా తగిలింది. ఎకార్ట్ వెంటనే నాణెం తీసేశాడు. అది కాలింగ్ బెల్లుకు వాడే సన్న తీగ. బల్ల చిన్నగా ఉన్నప్పుడు సరిపోయింది. బల్ల పెరిగినప్పుడల్లా లోథర్ అదే తీగను పొడిగించుకుంటూ పోయాడు. ఇప్పుడు ఫ్యూజు కొట్టేసేంత కరెంటు ఆ చివరికి చేరడం లేదు, తీగే వేడెక్కుతోంది.

"చిన్న ఫ్యూజు వేస్తే?" అడిగింది హెడ్విగ్.

రెండు రైళ్లు ఒకేసారి కొండెక్కితే అది ఊరికే కొట్టేస్తుందన్నాడు ఎకార్ట్. "క్లబ్బులో అందరికీ ఈ నాణెం పరీక్ష పెట్టేది లోథరే. వాడింట్లో మాత్రం పెట్టుకోలేదు, మొండిఘటం."

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. కొండ దగ్గర రైలు నీరసించినప్పుడల్లా లోథర్ దాన్ని వేలితో తోసేవాడు. పిల్లలు నవ్వేవారు. అది వాళ్ల కోసం ఆడే ఆట అనుకుంది ఇన్నాళ్లూ.

ఆమె ఎకార్ట్ వైపు తిరిగింది. "లావు తీగ వెయ్యి. ఆయన పట్టాలకు అతికించిన కొసలు మాత్రం ఉండనీ."

"జానెడు ముక్కలేగా. ఉంటాయి."

లోయకొకటి, కొండకొకటి వేరువేరు ఫ్యూజులు పెట్టి, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల లావు తీగ లాగి, ఎకార్ట్ మళ్లీ నాణెం పెట్టాడు. టక్కున కొండ ఫ్యూజు కొట్టేసింది. లోయలో రైలు ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఆదివారం రైలు కొండ దగ్గరికి రాగానే పిల్లలు హెడ్విగ్ వైపు చూశారు. ఆమె వేలు తనంతట తానే ముందుకు సాగింది. రైలు దాన్ని దాటి కొండెక్కి, మలుపు తిరిగింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, కేకు కోయడానికి లేచింది.