యెన్ అవ్వ పళ్లెం ఫోటోలు

యెన్ అవ్వని నేను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. ఆమె ఉండేది ఫంగ్‌హూ దీవుల్లో ఓ చిన్న దీవిలో. నేనుండేది సముద్రానికి ఇవతల, కావోశ్యుంగ్ నగరంలో. పాప పుట్టాక ఆసుపత్రి ఉద్యోగం మానేసి, డైటీషియన్ పని మా భోజనాల బల్ల దగ్గర కూర్చునే చేస్తున్నాను. వారానికి రెండు చిన్న వీడియోలు అందరి కోసం నా పేజీలో పెడతాను. రోగులతో విడిగా ఫోన్‌లో మాట్లాడతాను.

అవ్వకి డెబ్బై మూడేళ్లు. కిడ్నీలు పావు వంతే పనిచేస్తున్నాయి. ఇంకా తగ్గితే డయాలసిస్. ఆ దీవిలో అది లేదు. వారానికి మూడుసార్లు పడవెక్కి పెద్ద దీవికి పోవాలి, చలికాలం గాలులకి పడవలే కదలవు. దూరాన తావ్‌యువాన్ నగరంలో ఉన్న కొడుకు తన దగ్గరికి వచ్చేయమంటే అవ్వ ససేమిరా అంది. రేవులో చేపలు శుభ్రం చేసే కూతురు రుయ్‌శ్యా అమ్మని చూసుకునేది. ఇక్కడే ఉంచుకోవచ్చా అని ఆమె నన్నడిగింది. తిండి సరిగ్గా ఉంటే ఉంచొచ్చన్నాను.

సరిగ్గానే ఉండేది. మూడు పూటలా పళ్లెం ఫోటో వచ్చేది. ఆకుకూర కోసి, ఉడికించి, నీళ్లు పారబోయమన్నాను. ఉప్పు బాగా తగ్గించి, ఎండుచేప, క్యాబేజీ ఊరగాయ మాన్పించాను. రుయ్‌శ్యా నన్ను టీచర్ అని పిలిచేది, చెప్పింది చెప్పినట్టు చేసేది. కొలత నాకు తెలియాలని పళ్లెం పక్కన చెంచా పెట్టి మరీ ఫోటో తీసేది.

వీడియో కాల్‌లో అవ్వ నన్ను సాధించేది. "మేకకైనా ఇంతకంటే రుచిగా పెడతారమ్మాయ్. సారమంతా కాలవలో పోసి పిప్పి నా మొహాన పెడుతోంది. ఇదేంటే అంటే టీచర్ చెప్పిందంటుంది. మీ అత్తకీ ఇదే పెడతావా?"

ఉప్పు తగ్గించిన కొత్తలో అందరూ అలాగే అంటారని, ఆరేడు వారాల్లో నాలుక అలవాటు పడుతుందని చెప్పాను. మేం చదువుకున్నదీ అదే, నేను చూసిందీ అదే.

డిసెంబరు మొదట్లో ఒకరోజు అవ్వ తిట్టలేదు. ఈమధ్య కూర కూరలా ఉందంది. చూసుకుంటే అది ఏడో వారం. నాలుక దారికొచ్చింది చూశారా అని నవ్వాను. ఆ రోజంతా గర్వంగా ఉన్నాను. ఏమైనా మార్చారా అని మాత్రం అడగలేదు.

ఆ నెల రక్తపరీక్షకి వెళ్లాల్సిన రోజున గాలి. పడవ లేదు. తర్వాతి వారమూ లేదు. అమ్మ కాళ్లు బరువుగా ఉన్నాయంటోందని రుయ్‌శ్యా రాసింది. చలికి అయ్యుంటుంది, పడవ తిరగ్గానే ముందు పరీక్ష చేయించమని జవాబిచ్చాను. నాలుగో రోజు పొద్దున అవ్వ పొయ్యి దగ్గర కూలిపోయింది. గుండె ఆగిపోయిందని ఆరోగ్యకేంద్రం డాక్టరు చెప్పాడట.

అంత్యక్రియలైన పది రోజులకి రుయ్‌శ్యా కాల్ చేసింది. అమ్మని అన్నాళ్లు తన ఇంట్లోనే బతకనిచ్చినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పడానికట. వంటిల్లు సర్దుతోంది. ఫోన్‌ని అలమర వైపు తిప్పింది.

"ఇవి రెండూ విప్పనైనా లేదు టీచర్. పక్కింటి తాతకీ కిడ్నీలే. ఆయనకిచ్చేయనా?"

నీలం ప్యాకెట్లు. తక్కువ సోడియం ఉప్పు.

నవంబరులో బీపీ ఉన్నవాళ్ల కోసం దాని మీద నేనే వీడియో చేశాను. అందులో సోడియం తగ్గించిన మేరకు పొటాషియం కలుపుతారు. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఒంట్లో పేరుకుంటే కాళ్లు బరువెక్కుతాయి, గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు వాడకూడదని వీడియో కింద రాశాను, నొక్కితేగాని తెరుచుకోని చోట.

ఎవరికీ ఇవ్వొద్దన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. పరీక్ష జరగలేదు కాబట్టి ఇదే కారణమని ఖాయంగా అనలేను, కానీ ఇదేనని అనుకుంటున్నానని కూడా చెప్పాను.

ఆమె ప్యాకెట్లు అలమరలోంచి తీసి కింద పెట్టింది. "అమ్మ తినలేక ఏడుస్తుంటే మీ వీడియో కనబడింది. కింద ఏముందో చదవాలని తోచలేదు. అందులో మాట్లాడేది మీరే కదా, మా టీచరే కదా."

"ఏ ఉప్పు వేస్తున్నారని నేను అడగాల్సింది. అడగలేదు" అన్నాను.

"అన్నయ్యకి చెప్పకండి. దీవిలో కట్టేసి నేనే చంపానంటాడు. ఇప్పటికే నాతో మాట్లాడ్డం లేదు."

ఆయన నంబరు ఇవ్వమన్నాను. ఉంచొచ్చన్నది నేను, ఉప్పు చూపించిందీ నేనే, అనాల్సిన మాటేదో నన్నే అనాలన్నాను. ఆమె వద్దంది. తర్వాత ఏడ్చింది. చివరికి ఒక్కొక్క అంకే చెప్పింది. రాసుకుని తిరిగి చదివి వినిపించాను. ఒక అంకె తప్పు పడింది. ఆమె దిద్దింది.