ఒకరి పాట ఇంకొకరి నోట

మారేడ్‌పల్లిలో పురుషోత్తం స్టూడియోకి రెండు బ్యాండ్లూ వచ్చేవి గానీ, ఒకరున్న రోజున ఇంకొకరు అటు తొంగిచూసేవారు కాదు. నవతది చిలకలగూడ. డప్పు, గిటారు కలిపి హోరెత్తించే బ్యాండు ఆమెది. దేవిశ్రీ వాళ్లు కాకినాడ నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డారు. ఆమె పాటకు వయొలిన్ తోడు. ఇద్దరూ తమ పాటలు తామే రాసుకుంటారు. కాలేజీ ఫెస్టుల్లో ఎదురుపడితే తలూపుకోవడమే తప్ప మాటల్లేవు. “ఆమెకు గొంతుంది, దమ్ము లేదు” అనేది నవత. అటువైపు తన గురించి ఏమనుకుంటున్నారో కూడా ఆమెకు తెలుసు: అరుపే తప్ప పాట లేదని.

అలాంటి ఇద్దరినీ పిలిపించి పురుషోత్తం ఒక ఆలోచన చెప్పాడు.

“దేవిశ్రీ పాట నవత పాడాలె, నవత పాట దేవిశ్రీ పాడాలె. రెండూ ఒక్కసారే రిలీజ్ చేద్దాం. ఎవరి సత్తా ఎంతో సికింద్రాబాద్‌కే తెలుస్తది.”

పంతం కొద్దీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

నవతకు దొరికింది సముద్రం పాట. వేటకు వెళ్లిన మనిషి కోసం ఒడ్డున నిలబడ్డ ఆడమనిషి పాడుకునేది. “అలలు దాటి వచ్చేత్తావా” అని కాకినాడ యాసలో పల్లవి. నవత రోజూ కూర్చుని సాధన చేసింది. గిటారు వాయించే కిషన్ విని పెదవి విరిచాడు.

“అక్కా, ఏమనుకోకు. గిది నువ్వు పాడినట్టు లేదు. దేవిశ్రీ పాడినట్టే ఉంది.”

“పాట ఆమెదే కదరా!”

“ఆమె లెక్క పాడితే జనం ఆమెనే వింటరు. నిన్నెందుకు ఇనాలె?”

ఆ మాట గుచ్చుకుంది. నవత సముద్రం ఎన్నడూ చూడలేదు. కానీ ఎదురుచూడటమంటే ఏమిటో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తండ్రి నాసిక్ నుంచి ఉల్లిగడ్డ లారీ తోలుకొచ్చేవాడు. వానలకు ఆ లారీ ఎక్కడో ఆగిపోతే, మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముకునే తల్లి పుష్పమ్మ, చేతులు కట్టలు కడుతూనే ఉండగా, ప్రతి హారన్‌కూ తల తిప్పి చూసేది. నవత కళ్లు మూసుకుని ఆ చూపును తలుచుకుంది. ఈసారి పల్లవి “అలలు దాటి వస్తవా” అని వచ్చింది, తన ప్రయత్నమేమీ లేకుండానే. కిషన్ గిటారు ఆపేశాడు.

“గిదీ! ఇప్పుడు నువ్వు పాడినవ్.”

మర్నాడే పురుషోత్తం ఫోన్ చేశాడు. మోండా మార్కెట్ మీద నవత రాసిన పాటలో “లేవే మోండా, తెల్లారవట్టె” అని ఉన్నచోట “తెల్లవారింది” అని పెడదామని దేవిశ్రీ బ్యాండువాళ్లు అంటున్నారట. నవతకు ఒళ్లు మండిపోయింది.

“అది మా అమ్మ మాట! మార్చెతందుకు వాళ్లెవరు?”

“మరి నువ్వు దేవిశ్రీ మాట మార్చినవ్ కదక్కా,” అన్నాడు కిషన్ మెల్లగా.

నవత ఎటూ తోచక, వెళ్లి దేవిశ్రీతోనే తేల్చుకుందామనుకుంది.

ఆమె వెళ్లేలోపే దేవిశ్రీ వచ్చింది. మరుసటి ఉదయం మోండా మార్కెట్‌లో నవత తన తల్లి పక్కన కూర్చుని పుదీన కట్టలు సర్దుతుండగా, జనంలోంచి తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

“మీ పాట గురించే వచ్చానండీ. మా వాళ్లు ఆ మాట మార్చేద్దామన్నారు. నేను కుదరదన్నాను. కానీ అది నా నోట పలకట్లేదు. ఇక్కడ ఎలా అంటారో వినాలి.”

పుష్పమ్మ నవ్వింది. “గదేం పెద్ద పని బిడ్డా! జెర ఇటొచ్చి నిలబడు. పాట పాడినట్టు కాదు, కూర అమ్మినట్టు అనాలె.” అని తానే గొంతెత్తింది. “తెల్లారవట్టె, కొత్తిమీరె!”

దేవిశ్రీ అంది. సంగీతం క్లాసులో అప్పజెప్పినట్టు వచ్చింది. పక్కన చింతపండు అమ్మే ఆవిడ పకపకా నవ్వింది. దేవిశ్రీ సిగ్గుపడలేదు. మళ్లీ అంది, మళ్లీ మళ్లీ అంది. ఉన్నట్టుండి సంచీ పట్టుకుని పోతున్న ఒకాయన ఆగి, “కట్ట ఎంతమ్మా?” అని ఆమెనే అడిగాడు. పుష్పమ్మ చప్పట్లు కొట్టింది. దేవిశ్రీ తన చేత్తో కొత్తిమీర కట్ట తీసి ఆయన సంచీలో వేసింది. ఏదో పోటీలో గెలిచినట్టు వెలిగిపోయింది ఆమె ముఖం.

ఇక దాచడం నవతకు చేతకాలేదు. “నేను మీ పాటల ఒక మాట మార్చిన,” అని చెప్పి, ఆ గోలలోనే పల్లవి పాడి వినిపించింది.

దేవిశ్రీ తల వంచుకుని వింది. “అది మా అమ్మమ్మ మాట. ఆవిడ అలా అనదండీ,” అంది. పుష్పమ్మ వైపు చూసింది. “మీ అమ్మగారు అంటారు కదా. అలాగే ఉంచండి. తీసేశారంటే ఊరుకోను.”

రికార్డింగ్ రోజున పుష్పమ్మ గంప పక్కావిడకు అప్పగించి స్టూడియోకి వచ్చింది. నవత హోరుగా కట్టిన పాటను దేవిశ్రీ నిదానంగా, ఒక్క వయొలిన్ తోడుగా ఎత్తుకుంది. “తెల్లారవట్టె” దగ్గర గొంతు తడబడలేదు. గంప మోసిన నడుము, చలికి కొంకర్లు పోయిన వేళ్లు, తాను రాసిన మాటలన్నీ నవత అద్దం ఇవతల నిలబడి కొత్తగా వింది. ఇంత మంచి పాట తనదేనా అనిపించింది.

“ఇది నువ్వు రాసిందేనా?” అని అడిగింది పుష్పమ్మ.

“నేనేనమ్మా. ఎన్నిసార్లు ఇన్నవ్!”

“ఇన్న. మీ డప్పుల లొల్లికి మాటలు ఇనవడలే.” కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మంచిగ రాసినవ్ బిడ్డా.”

తర్వాత సముద్రం పాట నవత పాడింది. డప్పు మీద వేళ్లతో మాత్రమే వాయించమంది. అయిపోయాక దేవిశ్రీ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. “సముద్రం పక్కన పుట్టింది నేను. నా పాట నన్నే ఇలా భయపెడుతుందనుకోలేదండీ,” అంది.

రెండు పాటలూ వచ్చాయి. ఎవరిది పైచేయి అన్న సంగతి పురుషోత్తంతో సహా అందరూ మర్చిపోయారు. మారేడ్‌పల్లి హాల్లో ఇద్దరూ కలిసి కచేరీ చేసిన రోజు, దేవిశ్రీ మైకు దగ్గరకు వచ్చి, “ఇప్పుడు పాడబోయేది నాది కాదు. చిలకలగూడ నవత గారి పాట. పాడే అవకాశం నాకు దొరికింది,” అంది.

హాలంతా చప్పట్లు. పుష్పమ్మ ముందు వరుసలో లేచి నిలబడింది. వెనకాలవాళ్లు కూర్చోమన్నా వినలేదు. పాట పూర్తయ్యేదాకా అలాగే నిలబడి ఉంది.