ఇంటికో నీడ

చింతలపేట బస్టాపులో నిలబడ్డానికి నీడ లేదు కాబట్టి, ఇంటికో నీడ ఇవ్వాలని వీధి కమిటీ తీర్మానిస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన చెట్లు ఎటూ రావు. పైవాళ్లను షెడ్డు అడిగితే వేస్తామంటున్నారు, అంటూనే ఉన్నారు. మన పేట, మన ఎండ. మనమే ఏదో ఒకటి చూసుకోవాలి కదా!

జనం బాగానే ఇస్తున్నారు. మేడమీది పంతులుగారు ఆరేసిన పంచె నీడను మడతపెట్టి పంపిస్తారు. కిళ్లీకొట్టు సింహాచలమైతే తన బొజ్జ నీడ ఇచ్చి, "దీని కింద నలుగురు పడతార్రా" అని ఒకటే గొప్పలు. టైలరు మీరా సాహెబ్ అన్నిటినీ అంచులు కలిపి కుట్టి, నాలుగు గుంజలకు కడుతున్నాడు.

చివరికి అందరూ వరహాలమ్మ ఇంటిముందు ఆగుతారు. ఆమె మొగుడు సన్యాసిరావు పోయి చాన్నాళ్లయింది. మనిషిని తీసుకెళ్లారు గానీ నీడను తీసుకెళ్లడం ఎవరికీ గుర్తురాలేదు. అది వంటింటి గోడమీదే ఉండిపోయింది. పొద్దున్నే కిటికీలోంచి ఎండ రాగానే వరహాలమ్మ వెళ్లి నిలబడుతుంది. గోడమీద రెండు నీడలూ భుజాలు ఆనించుకుంటాయి. చేతిలో కాఫీ చల్లారేదాకా అంతే. ఆమె కాపురమంతా అదే.

"నాది పట్టుకెళ్లండి బాబూ," అంటుంది.

"నీది నీకు కావాలి కదా పిన్నీ, తిరిగే మనిషివి," అంటాడు కమిటీ ప్రెసిడెంటు తాతారావు. "బాబాయిది ఖాళీగానే ఉంది."

"ఖాళీగా ఏటి? నాతో ఉన్నారు."

తాతారావు తలొంచుకుంటాడు. మంచివాడే పాపం. "నిన్న బస్టాపులో చంటిపిల్ల కళ్లు తేలేసింది పిన్నీ. కుట్టడం అయిపోయింది గానీ నడిమిన ఒక్క చిల్లు మిగిలిపోయింది. పిల్లల తల్లులు కూచునే చోటే ఎండ పడతాది. మనిషంత నీడ కావాలి."

ఆ చంటిపిల్లను వరహాలమ్మ ఎరుగును. ఇంకేమంటుంది? తడిగుడ్డతో గోడను నానబెట్టి, అంచుల నుంచి మెల్లగా ఒలుస్తుంది. "మోకాలి దగ్గర పల్చన, చిరగనీకండి," అని వాళ్ల చేతుల్లో పెడుతుంది. అప్పుడు ఏడుస్తుంది. గుండె చెరువయ్యేలా ఏడుస్తుంది, దాచడమెందుకు?

బస్టాపు చల్లబడుతుంది. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అంటారు జనం. వరహాలమ్మ కూడా వచ్చి ఆయన ముక్క కింద నిలబడుతుంది. నిలబడగానే ఆమె నీడ మాయమవుతుంది. నీడలో ఉన్నవాళ్లకు నీడ ఉండదు. ఈ సంగతి పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు, ఆమెకే తట్టలేదు.

బయటికొచ్చి, పడమటి అంచుకు బెత్తెడు దూరంలో ఎండలో కూర్చుంటుంది. పొద్దు వాలేకొద్దీ ఆమె నీడ ముందుకు సాగుతుంది. తల లోపలికి పోతుంది, ఆ తర్వాత భుజాలు. చివరికి పాదాల దగ్గర పుటుక్కున తెగి, లేచి, లోపలికి నడిచి వెళ్లిపోతుంది. వరహాలమ్మ ఆగమనదు. మొగుడి దగ్గరికి పోయేదాన్ని ఆపడానికి నోరెలా వస్తుంది?

ఇప్పుడు ఎండ ఆమెలోంచి నేరుగా వెళ్లి రోడ్డుమీద పడుతోంది. తోడూ నీడా అంటారు. ఆమెకు ఆ రెండూ లేవు.

లోపల గుసగుసలు వినిపిస్తాయి. ఒకటి ఆయన గొంతు. రెండోది తనదే, కాకపోతే పెళ్లయిన కొత్తల్లోలాగా లేతగా ఉంది. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు.

"ఏటండీ," అని వరహాలమ్మ బయటినుంచి పిలుస్తుంది. "ఏటండీ, నేనూ..."

నవ్వు ఆగుతుంది.

"ఎవరో పిలుస్తున్నట్టుందండీ," అంటుంది లోపలి గొంతు.

"ఎవరూ లేరే," అంటాడు సన్యాసిరావు. "అక్కడ ఉత్త ఎండే."